మూత తియ్యని పెట్టెలు

మా ఆయన క్యారియరు మూత తియ్యకుండానే ఇంటికి పట్టుకొచ్చిన మొదటి రోజు, పని ఒత్తిడిలో తినలేదేమో అనుకున్నాను. రెండో రోజూ అలాగే తెస్తే అడిగాను.

"లోపల ఏముందో అనుకుంటూ కూర్చుంటే బాగుంది రత్నం. తీస్తే అయిపోతుంది కదా" అన్నాడు.

పొద్దున్నే లేచి గుత్తొంకాయ కూర చేసి పెట్టిన మనిషితో అనాల్సిన మాటేనా అది? పాచిపోయిన అన్నం చెత్తబుట్టలో పోస్తూ, ఈ మనిషికి దయ్యం పట్టినా బాగుండేది అనుకున్నాను. దయ్యమైతే ఎవరిచేతనైనా మంత్రం వేయించవచ్చు. ఇది అలాంటిది కాదు. మేమిద్దరం పనిచేసే ఆఫీసులో, నా కళ్ళ ముందు, మా ఆయన వరహాల్రావు తన చేతులతో తనే తయారుచేసుకున్న వస్తువు.

మా ఆఫీసు విశాఖపట్నంలో, మధురవాడ కొండ మీద ఉంది. 'వజ్రదుర్గం' అనే ఆటను తయారుచేస్తాం. ఎక్కడెక్కడి జనమో ఫోన్లలో, కంప్యూటర్లలో ఒకేసారి ఆడతారు. గుంపులు కట్టి రాక్షసుల మీద పడతారు. రాక్షసుడు చచ్చాక ఒక పెట్టె పడుతుంది. దాన్నే ఆటగాళ్ళు లూట్ అంటారు. ఏ రాక్షసుడు చస్తే ఏ పెట్టె పడాలి, అందులో ఇత్తడి ఉంగరం ఉండాలా, పచ్చల కత్తి ఉండాలా, అది ఎంత అరుదుగా దొరకాలి అన్నది తేల్చడం నా ఉద్యోగం. మా అత్తమ్మ పైడితల్లి దీన్ని 'పెట్టెల్లో తాయిలాలు పెట్టే పని' అంటుంది. అంతకన్నా బాగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఈ తాయిలాల పనిలో ఒక చిక్కు ఉంది. పచ్చల కత్తి కోసం చచ్చీచెడీ నెలల తరబడి ఆడినవాడు, కత్తి దొరికిన మర్నాటికి ఆట మానేస్తాడు. దొరక్కపోతే మమ్మల్ని నాలుగు తిట్టి మానేస్తాడు. మా పై అధికారి ఇందుమతి గారికి ఇదే బెంగ.

"ఇస్తే పోతున్నారు, ఇవ్వకపోతే పోతున్నారు. వీళ్ళతో ఎలా వేగాలో ఎవరైనా చెప్పండయ్యా" అంది ఒకసారి మీటింగులో.

నేను ఉంగరాల సంఖ్య తగ్గించి చూద్దామని చెప్పబోతుంటే వరహాల్రావు అందుకున్నాడు. "సంతోషం పెట్టెలో లేదు మేడమ్, పెట్టె ముందర ఉంది. చిన్నప్పుడు తీర్థం నుంచి మా అమ్మ జీళ్ళ పొట్లం తెచ్చి అటక మీద పెట్టేది. దాని కింద పచార్లు చేసినంతసేపూ ఉన్న సంతోషం, తిన్నప్పుడు ఉండేది కాదు. ఆ పచార్లని పొడిగించాలి."

పొడిగించాడు. ముంజేతికి కట్టుకునే వెడల్పాటి పట్టీ ఒకటి చేశాడు. లోపలివైపు జుట్టంత సన్నటి తీగెలు. పెట్టె కనబడి మనిషి ఆశపడ్డ క్షణాన్ని అది నాడిని బట్టి, చెమటను బట్టి పసిగట్టి, ముంజేతి నరంలోకి ఒక తియ్యటి జలదరింపు పంపుతుంది. మూత తెరవగానే ఆపేస్తుంది. కొన్నాళ్ళు ఇలా జరిగితే మెదడే లెక్క మార్చుకుంటుంది. తెరవకముందు పండగ, తెరిచాక వట్టి పెట్టె. దానికి 'ఊరింపు' అని పేరు పెట్టాడు. ఇంకొకరి చేతికి కట్టేముందు తన చేతికి కట్టుకోవాలన్నది అతని నియమం. మంచి నియమమే. ఆ నియమంతోనే మా కొంప మునిగింది.

పరీక్ష గదిలో మొదటిసారి పట్టీ కట్టుకుని ఆడిన కుర్రాడి పేరు గౌస్. నోరు మంచిది కాదు గానీ ఆట బాగా ఆడతాడు. తొమ్మిది తలల పామును చంపాడు. బంగారు పెట్టె పడింది. తెరపై దాని మూత మీద చెయ్యి పెట్టాడు, తీసేశాడు, మళ్ళీ పెట్టాడు. మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

"తెరవ్వయ్యా" అన్నాను.

"తర్వాత మేడమ్. తొందరేముంది?"

అందులో పచ్చల కత్తి ఉందని నాకు తెలుసు. దాన్ని అక్కడ పెట్టింది నేనే. అతను మాత్రం పెట్టెను భుజాన వేసుకుని ఇంకో పాము కోసం బయల్దేరాడు. ఆ నెలంతా ఆడినవాళ్ళందరిదీ అదే వరస. ఆటలో వాళ్ళ వాళ్ళ కోటల నిండా పెట్టెలు పేర్చుకుని, వాటి మధ్య కూర్చుని మురిసిపోయేవాళ్ళు. మేము బలవంతపెడితే ఎవరో ఒకరు మూత తీసేవారు. లోపల ఏమున్నా సరే, అందరి నోటా ఒకటే మాట వచ్చేది. "ఇంతేనా?"

ఇందుమతి గారు మాత్రం ఆనందం పట్టలేకపోయింది. "ఒక్కడు కూడా ఆట మానలేదు రత్నం! ఒక్కడు!" ఆ వారమే పట్టీలని బయటి ఆటగాళ్ళకి కూడా పంపించేసింది.

ఇంట్లో నా ఆనందం వేరు. ముందు గదిలో కొరియరు డబ్బాలు అటక దాకా పేరుకున్నాయి. అన్నీ వరహాల్రావు తెప్పించుకున్నవే, ఒక్కటీ విప్పలేదు. మామిడిపండ్లు వాసన చూసి చూసి కుళ్ళబెట్టాడు. సినిమాకి తీసుకెళ్తే ఇంటర్వెల్లో లేచి, "ఇక్కడితో బాగుంది, పద" అన్నాడు. నేను పట్టీ విప్పించి బీరువాలో పెట్టి తాళం వేశాను. పట్టీ బీరువాలో ఉంది, ఊరింపు అతని ఒంట్లో ఉంది. వారం తిరిగేసరికి క్యారియరు మళ్ళీ మూత తియ్యకుండానే వచ్చింది.

అప్పటికి నాకు మూడో నెల.

పెళ్ళయిన చాలా ఏళ్ళకి, మందులు మింగీ మింగీ విసిగి, ఇక వద్దనుకున్నాక నిలిచిన కడుపు అది. ఒక్కమాట ఒప్పుకోవాలి. కడుపుతో ఉన్న భార్యని అంత అపురూపంగా చూసుకున్న మగవాణ్ణి నేను చూడలేదు. కాలు కింద పెట్టనివ్వలేదు. సాయంత్రాలు నా పొట్టకు చెవి ఆనించి, లోపల కదిలినప్పుడల్లా కళ్ళు మూసుకుని నవ్వేవాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వాళ్ళ మొగుళ్ళకి అతన్ని చూపించి దెప్పేవాళ్ళు. నాకు మాత్రం ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండేది. అది పరీక్ష గదిలో గౌస్ మొహం మీద చూసిన నవ్వే.

స్కానింగుకి తోడొచ్చి, డాక్టరమ్మ తెర చూపిస్తుంటే గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఏమయ్యా, భయమా?" అందావిడ.

"కాదండీ. ఇప్పుడే ఎందుకని."

ఇక లాభం లేదని ఇందుమతి గారి గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. "మేడమ్, పట్టీ ఆపండి. విప్పేసినా దిగడం లేదు. నిన్న పట్టీ కట్టుకున్న ఒకతను మనకి రాశాడు, ఉద్యోగానికి ఎంపికయ్యాడో లేదో చెప్పే కవరు ఇంటికొస్తే తెరవలేకపోతున్నాడట. వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకుని బతిమాలుతోందట."

"ఆ ఉత్తరం చూశాను. ఎంత గట్టిగా పనిచేస్తోందో చూడు మరి!" అందావిడ.

"మా ఆయన స్కానింగు చూడలేదు మేడమ్."

"చాలామంది మగాళ్ళు చూడరు రత్నం. మీ ఇంటి గొడవలు ఆఫీసులోకి తేకు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. లేచి వచ్చేశాను.

పాప పుట్టింది. మధ్యాహ్నం పూట, బయట ఎండ దంచేస్తుండగా. నర్సు ఒళ్ళు తుడిచి, గుడ్డలో చుట్టి నా పక్కన పడుకోబెట్టి, "నాన్నగారిని పిలుస్తానుండండి" అని వెళ్ళింది. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. చివరికి అత్తమ్మ ఒక్కతే వచ్చింది, మొహం చాటంత చేసుకుని.

"ఆడు రాడమ్మా. రాకూడదు. పిల్ల మూలా నచ్చత్రం, మొదటి పాదం. తండ్రికి గండం. మళ్ళీ ఆ నచ్చత్రం తిరిగొచ్చీదాకా మొకం సూడకూడదు. సాంతి సేయించి, ముందు నూనెలో నీడ సూసి, అప్పుడు పిల్లని సూడాల."

"ఎవరు చెప్పారత్తమ్మా?"

"ఆడే సెప్పినాడు! ఆడే పంతులుగారికి ఫోను సేసి కనుక్కున్నాడు. ఇన్నాళ్ళూ నాను దీపం ఎట్టుకుంటేనే ఎక్కిరించీవోడు, ఇయాల ఎంత బుద్ధిగా అడిగినాడో! సింహాద్రప్పన్న ఆడి కళ్ళు తెరిపించీసినాడమ్మా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాహుకాలంలో కారు కొన్నవాడు, మా పెళ్ళి ముహూర్తం పెట్టిన పంతులుగారితో గ్రహాల గురించి గంట సేపు వాదించినవాడు, ఇప్పుడు నక్షత్రం అడ్డం పెట్టుకున్నాడు. తరతరాలుగా తండ్రులు గుండె బిగబట్టుకుని, రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపిన ఆచారం ఇది. ఆ ఎదురుచూపు ఎంత కష్టమో వాళ్ళకి తెలుసు. మావాడికి మాత్రం అది అటక మీది జీళ్ళ పొట్లం. సంగతి అత్తమ్మకి చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే సంతోషంతో కళ్ళు తుడుచుకుంటోంది. నోరు మూసుకున్నాను.

మా అమ్మ లేదు కనుక, అత్తమ్మే మా ఫ్లాటులో పురిటి చాకిరీ చేసింది. నేనూ పిల్లా లోపలి గదిలో. మూసిన తలుపు అవతల వరహాల్రావు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆఫీసు నుంచి రాగానే అదే పని. లోపల పిల్ల ఏడిస్తే బయట మురిసిపోయేవాడు. అత్తమ్మ దగ్గర లేనప్పుడు తలుపు సందులోంచి అడిగేవాడు.

"రత్నం, ఎలా ఉంటుందంటావ్?"

"వచ్చి చూడు!"

"చెప్పకు, చెప్పకు. ముక్కు మా అమ్మదే అయ్యుంటుంది."

"తలుపు తీస్తే నీకే తెలుస్తుంది."

"మూలా నక్షత్రం కదా."

"నీ మొహం నక్షత్రం!"

ఒకరోజు పాపకి పాలు పడక, వాంతి చేసుకుని ఊపిరి బిగబట్టింది. అత్తమ్మ గుడిలో ఉంది. నేను కేక పెట్టాను. తలుపు అవతల కుర్చీ కిర్రుమంది. అతను లేచాడు, తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. ఆ చప్పుడు నాకు వినబడింది. చెయ్యి వేసి అక్కడే ఆగిపోయాడు. గౌస్ మూత మీద చెయ్యి వేసి ఆగినట్టే. నేనే పిల్లని బోర్లా వేసుకుని వీపు తట్టాను. కక్కేసి, గుక్కపెట్టి ఏడ్చింది.

"తగ్గిందా?" అన్నాడు తలుపు అవతలి నుంచి. భయపడ్డాడు, అది నిజం. అయినా తలుపు తియ్యలేదు.

అతని మీద నాకున్న కోపం అంతా ఆరోజు భయంగా మారింది. ఇన్నాళ్ళూ చాదస్తం అనుకున్నాను. ఈ మనిషి నా కూతురికి తండ్రి అవుతాడో, తలుపు అవతల మనిషిగానే ఉండిపోతాడో తెలియలేదు.

ఆ వారమే ఇందుమతి గారు ఫోన్ చేసింది. పట్టీలు వెనక్కి తీసుకుంటున్నారట. నా మాట విని కాదు. పెట్టెలు తెరవడానికి మేము తాళంచెవులు అమ్ముతాం. ఎవరూ పెట్టెలు తెరవకపోతే తాళంచెవులు కొనేదెవరు?

"ఆ సంగతి మనలో ఒక్కరికీ తట్టలేదు చూశావా!" అని నవ్వింది. నేను ఫోను పెట్టేశాను.

నక్షత్రం తిరిగి వచ్చింది. శాంతి రోజున పంతులుగారు వచ్చి హాల్లో హోమం ఏర్పాటు చేసుకుంటుంటే వరహాల్రావు ఆయన పక్కన చేరాడు.

"పంతులుగారూ, ఇంకో చుట్టు ఆగితే ఇంకా మంచిదేమో కదండీ?"

"శాస్త్రంలో అలా లేదు బాబూ."

"పోనీ, ఆర్నెల్లు?"

ముప్పై ఏళ్ళుగా పౌరోహిత్యం చేస్తున్న మనిషి మా ఆయన వంక ఎగాదిగా చూశాడు. "నాయనా, ఎప్పుడెప్పుడని నన్ను తొందరపెట్టిన తండ్రుల్నే చూశాను. గడువు పెంచమని అడిగినవాణ్ణి నిన్నే చూస్తున్నాను. కూర్చో."

కూర్చున్నాడు. ముందు కంచుగిన్నె నిండా నువ్వులనూనె పోశారు. పిల్లని తండ్రి వెనక నుంచి, భుజం మీదుగా ముందుకు వంచి పట్టుకోవాలి. నీడ నూనెలో పడుతుంది. మొదట అది చూడాలి. నేను వెనక మోకాళ్ళ మీద కూర్చుని పాపని వంచి పట్టుకున్నాను. అతని భుజం నా చేతికి తగిలింది. జ్వరం వచ్చినవాడిలా వేడిగా ఉంది. తొంగి చూశాను. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. పెదాల మీద ఆ నవ్వు.

"చూడండి" అన్నాడు పంతులుగారు.

కదల్లేదు.

"సూడరా నాయనా" అంది అత్తమ్మ.

పాపకి చేతులు తిమ్మిరెక్కాయో ఏమో, సన్నగా మూలగడం మొదలెట్టింది. నా చేతులు కూడా లాగేస్తున్నాయి. అత్తమ్మ ముందు నేను మొగుణ్ణి 'మీరు' అంటాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ తప్పని లాంఛనం అది. ఆ క్షణాన అది నాకు గుర్తు రాలేదు.

"కళ్ళు తెరువు, వరా! నా చేతులు పడిపోతున్నాయి. నువ్వు చూసేదాకా దీన్ని ఇలా వేలాడదియ్యాలా? తెరువు!"

తెరిచాడు.

నూనెలో పాప మొహం కదిలింది. నలిగిన బుగ్గలు, అతుక్కుపోయిన జుట్టు, నుదుటి మీద చెమటకాయలు. ముక్కు అత్తమ్మది కాదు, ఎవరిదీ కాదు. అతను చూశాడు. చూస్తూ ఉండగానే ఆ నవ్వు పెదాల మీంచి దిగిపోయింది. మొహం తుడిచేసిన పలకలా అయింది. ఏం వస్తుందో నాకు తెలుసు. రాకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను.

"ఇంతేనా?" అన్నాడు.

అత్తమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పంతులుగారు మంత్రం మధ్యలో ఆగిపోయాడు. నాకొచ్చేది ఏడుపనుకున్నాను, కాదు. విసుగు. ఇన్ని నెలల విసుగు.

"ఇంతే" అన్నాను. "ఇంతకంటే ఏం లేదు. ఇంకేదో వస్తుందని చూడకు. పట్టుకో."

తిరిగేలోపే పిల్లని అతని ఒళ్ళో పెట్టేశాను. పట్టుకోక తప్పలేదు. తలకింద చెయ్యి ఎలా పెట్టాలో తెలియక మోచెయ్యి అడ్డం పెట్టాడు. పిల్ల అతని కొత్త పంచె తడిపేసింది.

ఆ సాయంత్రం వంటింట్లో నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రత్నం, నాకేం అనిపించలేదు. పాపని పట్టుకుంటే గిన్నె పట్టుకున్నట్టే ఉంది. అబద్ధం చెప్పలేను. నాలో ఏదో పోయింది."

"తిరిగొస్తుందా?"

"తెలీదు. పట్టీ విప్పించుకున్న వాళ్ళలో కొందరికి వచ్చిందిట. కొందరికి రాలేదు."

అతన్ని ఓదార్చాలని నాకు అనిపించలేదు. పప్పులో పోపు మాడిపోతోంది. "అనిపించకపోతే అనిపించకపోయింది. ఉయ్యాల్లో గుడ్డ మార్చు" అన్నాను.

మార్చాడు. మర్నాడు మార్చాడు. ఆ తర్వాత స్నానానికి నీళ్ళు కాచాడు. నేను చూస్తూ ఉన్నాను, ఎప్పుడు మానేస్తాడా అని. ఈ విషయంలో నన్ను మించినవాళ్ళు లేరు. వరసగా వట్టి పెట్టెలు పడితే ఎంత పెద్ద ఆటగాడైనా లేచిపోతాడు. కొందరు తిట్టి పోతారు, కొందరు చెప్పకుండా పోతారు. అలా పోకుండా చూడటానికే కదా నాకు జీతం ఇస్తున్నది. ఇతనికి ఇక్కడ పడేది ఉంగరం కూడా కాదు. పిల్ల ఇంకా నవ్వడం నేర్వలేదు. వాంతులు, ఏడుపు, తడిగుడ్డలు. పోనీ మా మెప్పైనా ఉందా అంటే, నేను పొగిడే స్థితిలో లేను, అత్తమ్మ ఆ 'ఇంతేనా' అన్న మాటకి అలిగి అతనితో సరిగా మాట్లాడటమే లేదు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగగానే పాప లేచి ఏడుపు లంకించుకుంది. నాకు ఒళ్ళు తెలియని నిద్ర. లేవబోతే, అప్పటికే వరహాల్రావు ఉయ్యాల దగ్గర ఉన్నాడు. పాపని భుజాన వేసుకుని, అట్ట ముక్కతో విసురుతూ గది ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతున్నాడు. మొహంలో ఏ వెలుగూ లేదు. చొక్కా అంతా చెమట.

పడుకునే అడిగాను. "వరా, ఇప్పుడేమైనా అనిపిస్తోందా?"

ఆలోచించాడు. అబద్ధం చెప్పడం ఇంకా రాలేదు అతనికి. "లేదు."

"మరి ఎందుకు లేచావ్?"

నా వంక వింతగా చూశాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"ఏడుస్తోంది కదా" అన్నాడు.

నేను అటు తిరిగి పడుకున్నాను. కళ్ళలో నీళ్ళు అతనికి చూపించడం ఇష్టం లేక. కాసేపటికి పాప ఏడుపు ఆపింది. ఉయ్యాల్లో వేసి, తడిసిన గుడ్డ విప్పి, పొడిది కట్టాడు. చూస్తే, మళ్ళీ తిరగేసి కట్టాడు. ముడి వీపు కింద పెట్టాడు.

"ఎన్నిసార్లు చెప్పాలి? ముడి ముందుకి రావాలి. విప్పి మళ్ళీ కట్టు" అన్నాను.

విప్పి మళ్ళీ కట్టాడు.